ఎర్ర బండిలో బూడిదరంగు సీటు

మార్చి 5, మంగళవారం

పడ్డాను.

ఎక్కడో కాదు, మా ఇంటి ముందే, బండి పక్కన సిమెంటు మీద. వీల్‌చైర్‌కీ సీటుకీ మధ్య చెక్కపలక వేసుకుని దాని మీంచి లోపలికి జరగడం రోజూ చేసే పనే. కానీ మా ఎర్ర కమొడోర్ కారు ఎస్ఎస్ అనే స్పోర్ట్స్ మోడల్, దాని సీటుకి రెండు పక్కలా గట్టులా లేచిన దిండ్లుంటాయి, మలుపుల్లో మనిషి ఒరిగిపోకుండా. ఒకప్పుడు ఆ గట్టు కోసమే ఈ మోడల్ కొన్నాను. ఇప్పుడు అదే అడ్డం. తొడ సగం ఎక్కింది, పలక జారింది, నేను కింద ఉన్నాను. మా ఆయన నెవిల్ లేపలేకపోయాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఇరవై నిమిషాలు బండి అడుగు చూస్తూ పడుకున్నాను. సైలెన్సర్ బాగుంది. తుప్పు లేదు.

ఎముకలేవీ విరగలేదట. అంబులెన్స్ కుర్రాడు అదేదో శుభవార్తలా చెప్పాడు.

మార్చి 7

తుంటి మీద వంకాయంత మచ్చ. రంగు కూడా వంకాయదే.

మార్చి 19, మంగళవారం

ఆసుపత్రి నుంచి హన్నా వచ్చింది. మంచి పిల్ల, నాలాంటి వాళ్లకి ఇంట్లో ఏమేం మార్చాలో చూసి చెప్పడం దాని ఉద్యోగం. వెంట ఒక వ్యాన్ తెచ్చింది, ట్రయల్‌కి. వెనక తలుపు తెరిస్తే ర్యాంపు దిగుతుంది. నన్ను కుర్చీతో సహా లోపలికి తోసి నాలుగు మూలలా కొక్కేలతో బిగించారు. సీసం కరిగించే స్మెల్టర్‌లో ఇరవై రెండేళ్లు సరుకెత్తే లోడర్ బండి నడిపాను. సరుకుని ఎలా బిగిస్తారో నాకు తెలుసు.

ఊళ్లో ఒక చుట్టు తిరిగాం. నాకు కనిపించింది నెవిల్ బట్టతల ఒక్కటే. పక్కనుంచి పోర్ట్ పిరీ మొత్తం వెళ్లిపోయింది, స్మెల్టర్ చిమ్నీ కూడా సగమే కనపడింది. బేకరీ దగ్గర ఆగాం. లోపలున్నావిడ బయటికి వచ్చి, ఆవిడ టీలో చక్కెర వేసుకుంటుందా అని నెవిల్‌ని అడిగింది. నన్ను కాదు. నేను ఆవిడకి రెండు గజాల దూరంలో ఉన్నాను, వెనక అద్దంలోంచి ఆవిడ మొహమే చూస్తున్నాను.

నెవిల్ రెండు చెంచాలు అని చెప్పాడు. నేను చక్కెర మానేసి నాలుగేళ్లయింది.

ఇంటికొచ్చాక నెవిల్ మెల్లగా చెప్పాడు, ఎస్ఎస్ అమ్మేసి వ్యాన్ తీసుకుందామని. నేను చచ్చాక అమ్ముకో అన్నాను. కోపంతో కాదు, మామూలుగానే అన్నాను. అందుకే ఎక్కువ తగిలినట్టుంది.

ఏప్రిల్ 2, మంగళవారం

ఈ రోజు రాయాల్సిందే.

నెవిల్‌కి పంటి డాక్టర్ దగ్గర పని. నేను క్లినిక్‌కి టాక్సీలో వెళ్లాను. వచ్చింది కమొడోర్. నా బండే, కానీ మామూలు మోడల్, తెల్లది, ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగిన ముసలి ప్రాణం. డ్రైవరు పలక వేసి పట్టుకున్నాడు. నేను జరిగాను. అంతే. సీట్లో ఉన్నాను. గట్టు లేదు, దిండు లేదు, బల్లలా చదునుగా ఉంది. ఎవరో నన్ను ఎత్తినట్టు కూడా లేదు.

డ్రైవర్ని ఇదేం సీటు అని అడిగాను. ఏదో తప్పు జరిగిందనుకుని భయపడ్డాడు పాపం. టాక్సీలకీ గవర్నమెంటు బండ్లకీ వేసే చవక సీటే అన్నాడు. మీ ఎస్ఎస్‌కి కూడా కింద బోల్టులు ఇవేనండి, అచ్చు ఇవే చోట్ల అన్నాడు.

క్లినిక్‌లో డాక్టరు ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తులేదు.

ఏప్రిల్ 3

పాత కార్ల సామాను అమ్మే నాలుగు యార్డులకి ఫోన్ చేశాను. మొదటివాడు నవ్వాడు. రెండోవాడు నేను తలకిందులుగా చెప్తున్నాననుకున్నాడు. అందరూ చవక సీటు తీసి ఎస్ఎస్ సీటు వేసుకుంటారు కదమ్మా, మీకు కావల్సింది అదే కదా అని మూడుసార్లు అడిగాడు. మూడోవాడు ఎత్తలేదు.

నాలుగోది క్రిస్టల్ బ్రూక్‌లో పాత బండ్లు విప్పే యార్డు. డార్లీన్ అనే ఆవిడది. ఆవిడ నవ్వలేదు. బండి ఏ ఏడాదిది, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందా, బెల్టు గుచ్చుకునే కొక్కెం సీటుకుందా నేలకుందా, ఇవన్నీ అడిగింది. ఆ తర్వాతే ఎందుకని అడిగింది. చెప్పాను. వడగళ్లు పడి పైకప్పు సొట్టలు పోయిన గవర్నమెంటు బండి ఒకటుంది, అదే ఏడాదిది, పక్కసీట్లో ఎవరూ కూర్చున్నట్టు లేదు అంది. బూడిదరంగు గుడ్డ సీటు.

హన్నాకి కూడా ఫోన్ చేశాను. కంపెనీ సీటేనా, ఏమీ కోయకుండా అతకకుండా అవే బోల్టులకి పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాను. అయితే ముందే ఈ సంగతి నాకెందుకు తట్టలేదో అంది. అందుకే మంచి పిల్ల అన్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

నెవిల్ వద్దన్నాడు. ఎర్రతోలు సీట్ల మధ్య గుడ్డ సీటేమిటి, పళ్లూడిన నోరులా ఉంటుంది అన్నాడు. ఈ మాట కెల్విన్‌ది. నెవిల్ పళ్ల గురించి జోకులేసే మనిషి కాదు, అందులోనూ ఈ వారం. కెల్విన్ మా కార్ల క్లబ్‌కి పెద్ద. రిటైరైన క్రేన్ డ్రైవరు. ప్రపంచంలో ప్రతి బోల్టూ ఫ్యాక్టరీ బిగించిన చోటే ఉండాలి ఆయనకి.

అసలు సంగతి తర్వాత బయటపడింది. 13న, శనివారం, కడీనా నుంచి ఒకాయన బండి చూడ్డానికి వస్తున్నాడు. కొనడానికి. నాకు చెప్పకుండా నెవిల్ పిలిచాడు.

నేను అరవలేదు. టీవీ పెట్టుకున్నాను. అతను నిద్రపోయాక కూడా అదే చానెల్.

ఏప్రిల్ 10

కెల్విన్ ఫోన్. సీటు మారిస్తే మే నెలలో మెల్రోజ్ కార్ల షోలో బండిని వరసలో నిలపనివ్వడట. రూలట. ఆ రూలు రాసిన కమిటీలో నేనూ ఉన్నాను కెల్విన్ అన్నాను. అయితే నీకు బాగా తెలిసుండాలి కదా లోరెట్టా అన్నాడు.

ఏప్రిల్ 12, శుక్రవారం

నెవిల్, కెల్విన్ పొద్దున్నే పీతలు పట్టడానికి పడవేసుకుని వెళ్లారు.

పదింటికి డార్లీన్ వచ్చింది. చేతిలో పానాల పెట్టె తప్ప ఏమీ లేదు. ఆ గవర్నమెంటు బండి వేరే రెండు బండ్ల కింద ఉందట, బండ్లెత్తే ఫోర్క్‌లిఫ్ట్ రిపేరులో ఉంది, సీటు ఆదివారానికి గానీ రాదు అని చెప్పడానికి స్వయంగా వచ్చింది. ముందు కొలతలు చూసుకుని పోదామనుకుందట.

కొత్తది ఆదివారం తెద్దువుగానీ, పాతది ఇవాళే ఊడదీద్దాం అన్నాను.

ఎందుకని అడిగింది. రేపు కొనేవాడు వస్తున్నాడని చెప్పాను. ఈసారి నవ్వింది. నేల అదిరేలా నవ్వే మనిషి.

ఎయిర్‌బ్యాగ్ పేలకుండా బ్యాటరీ తీగ పీకి, కరెంటు పూర్తిగా చచ్చేదాకా ఆగాలంది. టీ తాగాం. చక్కెర లేకుండా. సీటు వెనక్కి నెట్టి, ముందు బోల్టులు రెండూ నేనే విప్పాను, కుర్చీలోంచి వంగి, పొడుగు పానాతో. మొదటిది కదలడానికి పది నిమిషాలు పట్టింది. కాళ్లు నా మాట వినడం మానేశాయి గానీ, చేతులు ఇంకా లోడర్ చేతులే. వెనకవి డార్లీన్ విప్పింది. కిందున్న పసుపు ప్లగ్గు ఊడదీసి, సీటుని దూడని మోసినట్టు మోసుకెళ్లి వెనక వసారాలో పెట్టింది. మళ్లీ బండి మీద గుడ్డ కప్పేశాం.

సాయంత్రం నెవిల్ బకెట్టు నిండా పీతలతో వచ్చాడు. నేను చాలా తిన్నాను.

ఏప్రిల్ 13, శనివారం

కడీనా ఆయన తొమ్మిదింటికే వచ్చాడు. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా. నెవిల్ గుడ్డ తీశాడు. ఆయన టైర్లు తట్టాడు, ఇంజన్ విన్నాడు, బాగుంది బాగుంది అంటూ ఇటుపక్క తలుపు తీశాడు.

లోపల నేల, నాలుగు రంధ్రాలు, ఎప్పటిదో ఒక చాక్లెట్ కాగితం.

సీటేదని ఆయన నెవిల్‌ని అడిగాడు. నెవిల్ నన్ను చూశాడు. నేను కుర్చీ తోసుకుంటూ ముందుకెళ్లాను.

"బండి నా పేరు మీదుంది. ఏం అడగాలన్నా నన్ను అడగండి. ఇది అమ్మకానికి లేదు. అంత దూరం తిప్పినందుకు క్షమించండి, పీతలున్నాయి, పట్టుకెళ్లండి."

ఆయన నిజంగానే పట్టుకెళ్లాడు.

ఇక నెవిల్ అరుస్తాడనుకున్నాను. అరుపుకి నా దగ్గర జవాబులు వారం నుంచీ తయారుగా ఉన్నాయి. అతను అరవలేదు. ఆ ఖాళీలో, బండి గడప మీద కూర్చున్నాడు. కుడి మణికట్టు రుద్దుకుంటున్నాడు.

"పలక జారలేదు లోరీ," అన్నాడు. "నేను వదిలేశాను."

చేతికి తిమ్మిరి క్రిస్మస్ నుంచీ ఉందట. కప్పు కూడా ఒక్కోసారి జారిపోతోందట. ఆ రోజు నా నడుం పట్టుకున్న చెయ్యి ఉన్నట్టుండి చచ్చిపోయింది. అందరికీ పలక జారిందని చెప్పాడు. అంబులెన్స్ వాళ్లకి, హన్నాకి, కెల్విన్‌కి, నాకు. బండి పోతే ఇంక నన్ను ఎత్తే పని ఉండదు కదా అనుకున్నాడు. వ్యాన్‌కైతే తోస్తే చాలు.

ఐదు వారాలుగా నేను ఆ సీటుని తిడుతున్నాను. ఆ సంగతి గుర్తొచ్చి కోపం వచ్చింది, అతని మీద, నా మీద, పాపం ఆ సీటు మీద కూడా. తలుపు మీద గట్టిగా ఒకటి గుద్దాను. తర్వాత అతని చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని చూశాను. బొటనవేలి కింద కండ చిక్కిపోయి ఉంది. నలభై ఏళ్ల కాపురం, నేను చూడలేదు. నేనూ నా జబ్బునే చూసుకుంటూ కూర్చున్నాను.

ముసలోడా, ముందే చెప్పొచ్చుగా అన్నాను. చెప్తే నువ్వు బయటికి రావడం మానేస్తావనుకున్నా అన్నాడు.

ఇక ముందు నన్ను ఎవరూ ఎత్తరు అని చెప్పాను. నేనే జరుగుతాను. నువ్వు పలక పట్టుకో, ఎడమ చేత్తో.

ఏప్రిల్ 14, ఆదివారం

సీటు వచ్చింది. బూడిదరంగు, మధ్యలో ఏదో మరక. నాలుగు బోల్టులూ చక్కగా పడ్డాయి. బ్యాటరీ కలిపితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, ఆరలేదు. అది ఆరేదాకా నన్ను ఎక్కించేది లేదన్నాడు నెవిల్. ఈసారి అతను చెప్పింది న్యాయమే.

ఏప్రిల్ 16

డార్లీన్ మళ్లీ వచ్చింది. బెల్టు కొక్కెం దగ్గర ప్లగ్గు రెండు సీట్లకీ తేడాగా ఉందట. పాత సీటు కొక్కెం విప్పి దీనికి బిగించింది. లైటు ఆరింది. ఎక్కాను, దిగాను. పదకొండు సార్లు. హన్నా పక్కన నిలబడి చూసింది. పదకొండోసారి ఫోన్ చూసుకుంటోంది. అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఏముంటుంది.

నెవిల్ చేతికి డాక్టర్ అపాయింట్‌మెంట్ నేనే పెట్టాను.

మే 5, ఆదివారం

మెల్రోజ్ వెళ్లాం. జెర్మీన్ గోర్జ్ కొండదారి మలుపుల్లో నేను సీట్లో అటూ ఇటూ ఒరిగాను. గట్టు లేదుగా. తలుపు పిడి పట్టుకున్నాను. బాగుంది.

మైదానం గేటు దగ్గర కెల్విన్ చెయ్యి ఊపాడు, తాడుకి అవతల, చూడ్డానికొచ్చిన వాళ్ల కార్ల దగ్గర పెట్టమని. నెవిల్ ముప్ఫై ఏళ్లుగా కెల్విన్ ఎటు చెయ్యి చూపిస్తే అటే తిప్పే మనిషి. ఈసారి తిప్పలేదు. నేరుగా వరసలోకి పోనిచ్చి, ఒక నీలం బండికీ పసుపు బండికీ మధ్య ఆపాడు.

కెల్విన్ వచ్చాడు. నేను అద్దం దించాను. రూలు చెప్పాడు, నా మొహం చూడకుండా, సీటునే చూస్తూ. నేను నోరు తెరిచేలోగా నెవిల్ బండి తాళంచెవి తీసి, నా మీంచి చెయ్యి చాచి కిటికీలోంచి ఆయనకి అందించాడు.

"మా ఆవిడ ఎక్కగలిగే బండి ఇదొక్కటే కెల్విన్. తీసెయ్యాలంటే నువ్వే తియ్యి."

కెల్విన్ తాళంచెవి తీసుకోలేదు. టోపీ సర్దుకున్నాడు. టీ స్టాల్ అటుపక్క ఉంది, నేల మెత్తగా ఉంది, కుర్చీ చక్రాలు జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం జడ్జీ కాగితం చేతికొచ్చింది. పెయింటుకి మంచి మార్కులు. లోపలి భాగానికి సున్నా. ముందు సీట్లు సరిపోలలేదు అని రాశాడు. నిజమే, సరిపోలలేదు. నాకు సరిపోయింది.

మే 22, బుధవారం

ఆసుపత్రి లేదు, మందులు అయిపోలేదు. ఏ పనీ లేదు. అయినా వెళ్లాం.

పోర్ట్ జెర్మీన్ జెట్టీ ఎదురుగా బండి ఆపాం. నెవిల్ చేతికి డాక్టర్ వేసిన కట్టుతోనే నిద్రపోయాడు. అతని చిప్స్ కూడా నేనే తిన్నాను.