నేను నీళ్ళు పోసిన లైకెన్

టిమ్మిన్స్, ఒంటారియో
మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం

సుబ్బక్కకి వరం నమస్కరించి రాస్తున్నది.

అక్కడ అందరి ఆరోగ్యాలూ ఎలా ఉన్నాయి? బావగారి మోకాలు ఎలా ఉంది? కింద కూర్చుని మొక్కల కవర్లలో మట్టి నింపడం మానేశారా, డాక్టరు మాట గాలికొదిలేసి ఇంకా నింపుతూనే ఉన్నారా? ఒంటికి మాత్రం నేనూ నీ మరిదీ బాగానే ఉన్నాం. మిగతా సంగతి బాగాలేదు. అందుకే ఫోను పక్కన పెట్టి కాగితం తీశాను. వీడియో కాల్లో నీ మొహం చూస్తూ ఈ మాటలు చెప్పడం నా వల్ల కాదు. ముందు నువ్వొక్కదానివే చదువు, బావగారికి తర్వాత చెబుదువుగాని.

చలి గురించి నువ్వు ప్రతిసారీ అడుగుతావు. కిటికీ సగం వరకూ మంచు ఉంది. పెరుగు తోడుకోదు, ఓవెన్‌లో లైటు వేసి గిన్నె అందులో పెడుతున్నాను. నీ మరిది బ్రాంప్టన్‌లోనే ఉండి ట్రక్కు నడుపుతున్నారు, నెలకోసారి వస్తారు. వచ్చినప్పుడు ఇద్దరికీ వండుతాను. లేనప్పుడు అన్నంలో నువ్వు పంపిన పచ్చడి కలుపుకుని నిలబడే తినేస్తాను. కడుపుకి లోటు లేదు, బెంగ పెట్టుకోకు.

నా ఉద్యోగం నర్సరీలో అని నీకు తెలుసు, అక్కడ ఏం పెంచుతామో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. లైకెన్ పెంచుతాం. బిరియానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఉంది చూడు, అదీ లైకెనే. ఇది దానికి చుట్టం. నేల మీద తెల్లగా, బూడిద రంగులో, చిన్న చిన్న కొమ్మలతో పొదలా పెరుగుతుంది. వేరు ఉండదు, ఆకు ఉండదు, పువ్వు పూయదు. బూజు జాతిదొకటీ నాచు జాతిదొకటీ కలిసి చేసే కాపురం అది. బూజు ఇల్లు కడుతుంది, నాచు వంట చేస్తుంది. ఏడాదంతా కలిపి బియ్యపు గింజంత ఎదిగితే గొప్ప.

ఇక్కడి అడవుల్లో కారిబూ అని దుప్పిలాంటి జంతువు ఉంది. చలికాలంలో కాలి గిట్టలతో మంచు తవ్వి దీన్నే తింటుంది. మనం పచ్చిది నోట్లో పెట్టుకుంటే చేదు, కడుపులో మంట. ఈ నేల ఆదివాసులు పూర్వం దీన్ని కాచి మందుగా తాగేవారట. ఇప్పుడు కొందరు రంగు వేసి అలంకరణకి అమ్ముతారు. గనులు తవ్వి వదిలేసిన నేల మీద మళ్ళీ ఇది పట్టుకుంటే తప్ప కారిబూలు తిరిగి రావు. మా పని అదే. అడవిలో రోడ్డు వేయబోయే చోట ముందుగా దీన్ని ఏరి తెచ్చి, ఆరబెట్టి, పైన్ చెట్టు సూదుల్లాంటి చెత్త తీసేసి, నలిపి ముక్కలు చేసి, ట్రేలలో ఇసుక మీద చల్లుతాం. పట్టుకున్నాక గని నేల మీదికి మారుస్తాం. గాలికి ఎగిరిపోకుండా పైన పుల్లలు పరుస్తాం. చెత్త తీయడానికి చేట లేక అట్టముక్కతో చెరిగాను. మా సూపర్‌వైజర్ మార్గరెట్ మొదట నవ్వింది, తర్వాత తనూ నేర్చుకుంది.

షెడ్డులో నాతో పాటు స్వప్న అని కరీంనగర్ అమ్మాయి ఉండేది. ఇక్కడే చదువుకుని ఉద్యోగంలో చేరింది. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు విప్పుకుని ఒకరి కూర ఒకరం తినేవాళ్ళం. తన వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది. కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ మీదే తన పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే కాగితం, నడుస్తోంది. మాదీ అంతే, నా లెటర్ మీదే నాదీ నీ మరిదిదీ.

చివరి వరసలో తొమ్మిది ట్రేలు మార్గరెట్‌వి. నాలుగేళ్ళుగా పెంచుతోంది. నీళ్ళు చిలకరించే మిషన్ చూసుకోవడం, వాటికి ఎప్పుడు ఎంత చిలకరించిందీ పుస్తకంలో రాయడం స్వప్న పని. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి షెడ్డు తెరిచి హీటరు చూడటం నాది. జనవరిలో రోజూ వాటి పక్కనుంచి వెళుతుంటే మనసు పీకేది అక్కా. ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోయేంతగా ఎండి ఉండేవి. మన నాన్న ఏం చెప్పేవాడు? వాడిన మొక్కని చూసి దాటిపోతే ఆ రోజు అన్నం తినకూడదనేవాడు కదా. నర్సరీల ఊరు కడియంలో పుట్టి, నడక కంటే ముందు నీళ్ళ డబ్బా పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని, ఎలా దాటిపోను?

మొదట కొంచెమే పోశాను. పది నిమిషాల్లో మెత్తబడి లేత ఆకుపచ్చకి తిరిగింది. ఎంత సంబరపడ్డానో! ఇక రోజూ పొద్దున్నే చిల్లుల మూతి ఉన్న రోజ్ క్యాన్‌తో పోయడం మొదలుపెట్టాను. అందరూ వచ్చేసరికి హీటరు గాలికి పైపైన ఆరిపోయి ఉండేది. శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళాక, మనం అంటు మొక్కలకి కప్పినట్టు ప్లాస్టిక్ కవరు కప్పేదాన్ని. సోమవారం ఎవరూ రాకముందే తీసేసేదాన్ని. బాగా పెరిగాక ఒక్కసారిగా చూపించి మార్గరెట్ చేత మెప్పు పొందాలని నా వెర్రి. ఇక్కడివాళ్ళకి మొక్కల మీద ప్రేమ లేదని లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. అబద్ధం ఎందుకు?

లైకెన్‌కి తడి ఎంత ముఖ్యమో ఎండిపోవడం కూడా అంతే ముఖ్యమట. ఎండినప్పుడు చచ్చిపోయినట్టు కాదు, నిద్రపోయినట్టు. ఎప్పుడూ తడిగా ఉంటే నిద్ర లేకుండా, చలికాలపు చాలీచాలని వెలుతురులో తన ఒంట్లో దాచుకున్నదంతా తానే తినేసి కుళ్ళిపోతుంది. చేరిన రోజే మార్గరెట్ చెప్పింది. విన్నాను, తల ఊపాను. నర్సరీ పని నాకొకరు నేర్పాలా అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం కవరు తీస్తే గుప్పున వాసన కొట్టింది. తొమ్మిది ట్రేలూ గోధుమరంగుకి తిరిగి, వేలు పెడితే జిగురులా అంటుకున్నాయి. కవరు మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

మార్గరెట్ వచ్చి ట్రేలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసింది. తర్వాత స్వప్న రాసిన పుస్తకం తెచ్చి తిరగేసింది. అంతా సరిగ్గానే ఉంది. కానీ అక్టోబరులో ఒకసారి స్వప్న మిషన్ ఆపడం మరిచిపోయి వెళ్ళింది, అందుకని అనుమానం తన మీదికే పోయింది. పుస్తకంలో తప్పుడు లెక్క రాశావని హెడ్ ఆఫీసు వాళ్ళు తనని అన్నారు. నన్ను కూడా పిలిచి, నీకేమైనా తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఒక్క మాట. ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆ సాయంత్రం పార్కింగులో స్వప్న నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను మిషన్ ముట్టలే. ఒట్టు. ఎవ్వరు నమ్ముతలేరు. నువ్వన్నా నమ్ముతున్నవా?"

"నమ్ముతున్నా స్వప్నా" అన్నాను.

ఆ శుక్రవారమే తనని తీసేశారు, ఆఫర్ లెటర్ వెనక్కి తీసుకున్నారు. బ్రాంప్టన్ బస్సు ఎక్కించింది నేనే. దారిలో తినమని పులిహోర కట్టిచ్చాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మూడు వారాలు ఊరుకున్నాను. అన్నం సయించలేదు. ట్రేలన్నీ కడగమని పని నాకే అప్పగించారు. బ్రష్‌తో రుద్దుతుంటే ఆ జిగురు గోళ్ళలోకి పోయి ఎంత కడిగినా వదల్లేదు. పోయిన సోమవారం కవరు తీసుకెళ్ళి మార్గరెట్ బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో మన కడియం సంగతి కూడా చెప్పాను. ఆవిడ అరవలేదు. నీళ్ళు పోసినందుకు నాకు కోపం లేదు, ఆ రోజు తెలియదని ఎందుకన్నావు అని మాత్రం అడిగింది. చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమంది, పెట్టాను.

నా ముందే స్వప్నకి ఫోన్ చేసింది, నా పేరు ఎత్తకుండా తప్పు తనది కాదని తేలిందని చెప్పి తిరిగి రమ్మంది. హెడ్ ఆఫీసు కొత్త లెటరు ఇవ్వడానికి రెండు నెలలు పడుతుంది. స్వప్న పర్మిట్ వచ్చే నెలతో ఆఖరు. ఇండియాకి టికెట్ తీసుకున్నానని చెప్పి తను ఫోన్ పెట్టేసింది. నన్ను శుక్రవారం నుంచి రావద్దన్నారు.

నీ మరిదికి చెబితే, "ఇప్పుడెందుకు చెప్పావే? ఇంకో ఆర్నెల్లు ఆగితే మన కాగితాలు వచ్చేసేవి కదా" అన్నారు. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి తిన్నావా అని అడిగారు. ఆయన మీద కోపం తెచ్చుకోకు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి బ్రాంప్టన్ వెళుతున్నాను. ఆ తర్వాత ఏమిటో మాకే తెలియదు. నా గురించి ఎవరి దగ్గరా చెప్పుకుని బాధపడకు, ఒంట్లో బాగానే ఉంది.

ఆ మధ్య మసాలాకి రాతిపువ్వు పంపమని అడిగాను. కట్టి ఉంటే విప్పేయి, పంపకు. ఆ వాసన ఇప్పట్లో భరించలేను. పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు. బావగారికి కూడా. పిల్లలకి ముద్దులు. గులాబీ అంట్లకి ఈసారి నీళ్ళు నువ్వే దగ్గరుండి పట్టించు.

నిన్న పొద్దున్న స్వప్నకి మెసేజ్ పెట్టాను, అంతా నేనే చేశానని, క్షమించమని. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఒక్క తిట్టు లేదు.

"ఎవ్వరు నమ్మకపోయినా మా అక్క నమ్మింది అని మా అమ్మకు చెప్పుకున్న. ఇప్పుడు అమ్మకు ఏం చెప్పాలె?"

ఏం రాయాలో తెలియక ఫోను బోర్లా పెట్టేశాను. ఇంకా అలాగే ఉంది.

ఫోన్ చేసినప్పుడల్లా చివర నీ దీవెనలు అడుగుతాను. ఈసారి అడగడానికి మొహం చెల్లడం లేదు. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే నా మొహం చూడగానే పట్టేసి వీపు మీద ఒక్కటిచ్చేదానివి. పార్కింగులో ఆ పిల్ల కూడా నా మొహంలోకే చూసింది అక్కా. నన్ను పట్టుకోవడం దానికి తెలియలేదు.

జవాబు రాయి. తిడుతూనే రాయి.

నీ చెల్లెలు,
వరం