టెంకాయ నిలబడింది

శుక్రవారం రాత్రి, ఎమ్మిగనూరు

పొద్దున క్లాసులో, యూరప్‌లో మతగ్రంథాన్ని పక్కనపెట్టి సొంత బుద్ధితో ఆలోచించడం ఎలా మొదలైందో చెప్పాను. ఒకప్పుడు ఆ పాఠం నాకు చెప్పింది శేషన్న సారే. ఊరూరా హేతువాద సభలు పెట్టి, "ఎవురు సెప్పినా నమ్మొద్దండప్పా, రుజువు అడగండి" అనే మనిషి.

సాయంత్రం మా జిల్లాలోని కృష్ణగిరి దగ్గర ఆయన చేనుకు వెళ్తే, ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు కోసం నీళ్ల జాడ వెతుకుతున్నాడు. వెనకే సారు, గుడిలో నడిచినట్టు చెప్పులు విడిచి.

"ఏంది సార్ ఇది?" అన్నాను.

"మా తమ్ముని పోరు పడలేక పిలిపించినానమ్మా. నాకైతే నమ్మకం ల్యాదు."

తమ్ముడు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. టెంకాయ పట్టిన ఆయన నవ్వి, "పోయినసారి బోరుకూ సారే పిలిపించినాడు గదమ్మా" అన్నాడు. మరి ఇన్నేళ్ల సభలు ఎవరిని నమ్మించడానికి?

అంతలో, ఇక్కడ నీళ్లున్నాయన్నట్టు, టెంకాయ ఆయన చేతిలో నిటారుగా లేచి నిలబడింది. సారు దాన్ని చూడలేదు, నా కాళ్ల వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను.

నా చెప్పులు గట్టు మీదున్నాయి. ఎప్పుడు విప్పానో...