మామయ్య అర్జీ, ఎర్రసిరా

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప. ఇరవై ఆరేళ్లుగా టైపు మిషను ముందు కూర్చున్నవాణ్ని, ఒకటో తేదీనుంచి గోడౌనుకు పొమ్మన్నారు. అక్కడ కిటికీ కూడా లేదు. నా నడుం సంగతి నీకు తెలుసు. వద్దని మేనేజరుగారికి ఇంగ్లీషులో అర్జీ రాశాను. కాన్వెంటులో చదివినదానివి, ఓసారి దిద్ది పంపు.

మీ మామయ్య

తా.క. చదివి వినిపిస్తే మీ అత్తయ్య ఏడ్చేసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

*

మామయ్యకు నమస్కారాలు.

ప్రెస్సులో రోజంతా ప్రూఫులు దిద్ది ఇంటికొస్తే మీ అర్జీ ఎదురుచూస్తోంది. దిద్దాను.

గోడౌనులో మీరు "బోరింగ్" అవుతారని రాశారు. మీకు విసుగు పుడితే బోర్డ్. మీవల్ల ఎదుటివాళ్లకు పుడితే బోరింగ్. మేనేజరుగారిని చెవి "బారో" చేయమన్నారు. పుచ్చుకోవడం బారో, ఇవ్వడం లెండ్. చెవి ఆయనది కాబట్టి లెండ్. బదిలీ మిమ్మల్ని అఫెక్ట్ చేస్తుంది. దానివల్ల మిగిలేది ఎఫెక్ట్.

మిగతావన్నీ మార్జిన్‌లో ఎర్రసిరాతో ఇంగ్లీషులోనే రాశాను. చూసుకుని టైపు చేయండి.

మీ మేనకోడలు

తా.క. నడుము గురించి రెండు పేజీలు ఎక్కువ. ఒక వాక్యం చాలు.

*

చిరంజీవి అమ్మడికి,

అర్జీ ఇచ్చేశాను. నీ ఎర్రసిరా ఒక్క అక్షరం పోకుండా టైపు చేశాను. మా సెక్షన్ పద్ధతి నీకు తెలియదేమో. ముందున్న కాగితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. అర్థం చూడటం మొదలుపెడితే చెయ్యి ఆగిపోతుంది. మార్జిన్‌లోవి మార్జిన్‌లోనే కొట్టాను. కార్బన్ కాపీ జతపరిచాను.

మీ మామయ్య

తా.క. టైపు మిషనుకు ఎర్ర రిబ్బను కూడా ఉందమ్మా!

*

మామయ్యా,

కాపీ చూశాను.

"మేనేజరును ఇంతగా పొగిడితే నమ్మడానికి ఆయనేం పసిపిల్లాడా" అన్నది మీకోసం రాసింది. "ఈ వాక్యం పూర్తయ్యేలోపు ఆయన నిద్రపోతారు" అన్నదీ మీకోసమే. దయచేసి వెళ్లి వెనక్కి తీసుకోండి. మీ ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టాను.

మీ మేనకోడలు

తా.క. ఆయన పేరు పక్కన గీసిన మూడు ప్రశ్నార్థకాలు కూడా కొట్టారా?

*

చిరంజీవి అమ్మడికి,

కొట్టాను, మూడూ.

నిన్న మేనేజరుగారు పిలిచారు.

"ఇదెవరు రాశారయ్యా?"

"మా అక్క కూతురండి. నోట్లో నాలుక లేని పిల్ల."

"నోట్లో లేకపోతేనేం, కలంలో ఉంది. పద్నాలుగేళ్లుగా ఈ ఆఫీసులో నా ఇంగ్లీషు అద్భుతం అనని వెధవ లేడు. ఒక్కడూ ఒక్క తప్పూ చెప్పలేదు."

లేచి తలుపు వేశారు. నా బదిలీ రద్దయింది. ఎందుకంటే ఆయనకిప్పుడు టైపిస్టు కావాలి. హెడ్డాఫీసువాళ్లు గోడౌనుకు ఆయన్నే వేశారు! వద్దని ఆయన రాసుకున్న అర్జీ దీంతో పంపుతున్నాను. తొమ్మిది పేజీలు. శనివారంలోగా దిద్దాలట.

మీ మామయ్య

తా.క. టైపు చేసేది నేనే. కాబట్టి మార్జిన్‌లో ఆయన గురించి కాస్త మంచిమాటలు రాయి తల్లీ.