ఎముకల మనిషికి ఆసరా

మార్చి 3

ఈ రోజు నన్ను నేను చూశాను. తోలు లేకుండా.

మనుమరాలు భూమిక కాలేజీ ప్రాజెక్టు. పోయిన వారం నన్ను అక్కడికి తీసుకుపోయి, నడుము నుంచి పాదాల దాకా వెండి గోళీలు అంటించి, అడుగు బరువు తూచే పలకల మీద నడిపించింది. ఆ నడక ఇప్పుడు దాని కంప్యూటర్లో ఉంది. ఎముకలు, వాటి మీద ఎర్ర తాళ్లలా కండలు. కుడి మోకాలి దగ్గర కొంచెం ఆగి, ఈడ్చి... నేనే. చేతులు జోడించబోయి ఆపుకున్నాను.

మార్చి 4

మోకాలి మీద పడేది ఒంటి బరువొక్కటే కాదట. నా కండలే ఎముకల్ని బిగించి నొక్కుతాయట. బరువు కంటే అదే ఎక్కువట. నన్ను నిలబెట్టేదే నన్ను అరగదీస్తోంది. ఎట్లా కట్టాడో దేవుడు!

మోకాలి మీద ఒత్తిడి తగ్గే నడక ఏదో కంప్యూటర్‌ను వెతకమంటోంది భూమిక. దొరికితే జోల్వాలోని కార్ఖానాలో ఇంకొన్నాళ్లు బట్ట నేసే సాంచాలు నడుపుకుంటాను. లేదంటే డాక్టరు చెప్పిందే — చేతికర్ర. కర్ర పట్టినవాణ్ని సేఠు సాంచాల మధ్య గల్లీలోకి రానివ్వడు.

మార్చి 6

దొరికింది! ఎముకల మనిషి తేలినట్టు నడుస్తున్నాడు. ఒత్తిడి సగం. మీసం మెలేశాను. భూమిక మొహం మాడ్చుకుంది.

"ఖుష్ గాకు తాతా. దొంగ నడక ఇది."

"దొంగ ఏంది? నాదే గదా!"

"నీది గాదు. లెక్క కుదరకుంటే కంప్యూటరే ఒక కనపడని చెయ్యి పెట్టి లేపుతది. కండలకు పని లేదు. గందుకే ఒత్తిడి తగ్గింది."

ఆ చెయ్యి తీసేయమన్నాను. తీసేసింది. ఎముకల మనిషి ఎడమ పక్కకు కూలిపోయాడు.

మార్చి 7

ఎంత సరిచేసినా ఎడమ పక్కకే. పాదాల లెక్కకూ ఒంటి లెక్కకూ పొత్తు కుదరడం లేదట.

"తాతా, ఆ రోజు ఏమన్న పట్టుకున్నవా?"

"నేనా? ఇగో పిల్లా, పుట్టినకాంచి నేనెవ్వని ఆసర తీసుకోలే."

అట్లా అడిగినందుకు కోపంతో నేను అన్నం తినలేదు.

మార్చి 9

అన్నం డబ్బా మరిచిపోతే భూమిక కార్ఖానాకు తెచ్చింది. గల్లీ చివర నుంచి అరిచిందట. సాంచాల మోతలో వినపడలేదు. దగ్గరికొచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి సాంచా మీద ఉంది.

ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు పోతూ దాని మీద చెయ్యి వేస్తాం, ఇక్కడ అందరం. అదురులో తేడా ఉంటే చేతికి తెలుస్తుంది. అది సాంచాను చూసుకోవడం. ఆసరా కాదు.

"కాలేజీల గోడకు ఇనుప కడ్డీ ఉండె తాతా. నీ ఎడమ దిక్కే. దాని మీద గిట్లనే ఏసినవ్. గోళీలు నడుము కిందనే పెట్టినం, చేతులకు పెట్టలే. నాదే గల్తీ."

ఈ ఎడమ చెయ్యి ఆ పని నాకు చెప్పకుండా చేసింది. కడ్డీ కంప్యూటర్‌కు కనపడలేదు, చెయ్యి కనపడలేదు. అయినా ఎక్కడో ఎవరో మోస్తున్నారని ఆ ఎముకలకు తెలిసింది!

మార్చి 10

భూమిక ఎముకల మనిషి ఎడమ చేతికి కర్ర ఇచ్చింది. లెక్కలో చేర్చి మరీ ఇచ్చింది. పడలేదు. ఒత్తిడి తగ్గింది — ఈసారి నిజంగా. ఎంత తేలిగ్గా పోతున్నాడు! సిగ్గు లేదు వాడికి.

"ఎట్లున్నడు తాతా నీ దోస్తు?"

"ఆ బొక్కల మనిషికేమెరుక, సేఠు ఉంటడని."

అది నవ్వలేదు. "రేపు కాలేజీల చేతులు కట్టుకొని ఒకసారి నడువు. కర్ర లేకుండ మోకాలు ఎంత మోస్తదో చూద్దాం. జర పట్టుకోకు, అంతే."

మార్చి 11, పొద్దున

పోయే ముందు ఇంట్లోనే చేతులు ఛాతీ మీద కట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి చూశాను. సగం దూరం బాగానే ఉంది. తర్వాత ఎడమ చెయ్యి లేచింది, తలుపు వైపు. దించాను. మళ్లీ లేచింది.

బయట ఆటో ఆగింది. "తాతా, అయ్యిందా?" అంటోంది భూమిక.

ఇది నిలబడే రాస్తున్నాను... ఎడమ చెయ్యి గోడ మీద ఉంది.