చుక్కకి చేప పడదు

మన రేవు, నౌపడ దగ్గర
9-2-2025, ఆదివారం

బావ దాలయ్యకి,

అప్పలసూరి నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ చెల్లి కూర్మమ్మా బాగానే ఉన్నాం. అక్కడ మీరు బాగున్నారా అని అడగక్కర్లేదు. మా గుమ్మంలో నిలబడితే మీ గుమ్మం కనిపిస్తుంది. పొద్దున్న దానమ్మక్క కళ్ళాపి జల్లుతుంటే చూశాను. నువ్వు చుట్ట ముట్టించి పడవ వైపు వెళ్ళడం చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. అదీ చూశాను.

నాలుగిళ్ళ అవతల ఉన్నవాడికి ఉత్తరం ఏమిటని నవ్వుతావు. నవ్వుకో. నేను నీలాగ మాటకారిని కాను. నలుగురిలో నువ్వు ఒక మాట విసిరితే, దానికి జవాబు నాకు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక తోస్తుంది. అప్పటికి నువ్వు అన్నం తిని పడుకుంటావు. అందుకని కాగితం తీశాను. ఇది మధ్యలో అడ్డురాదు. వెనక్కి తిరిగి ఎవరికీ కన్ను కొట్టదు.

మొన్న రేవులో నువ్వన్న మాట నాకింకా మింగుడు పడలేదు. నేను వల చిరుగులు కుట్టుకుంటున్నాను. ఎవరి జోలికీ పోలేదు. నువ్వొచ్చి అందరూ వినేలా, "ఒరే సూరీ, పిల్లికి తిండెట్టలేనోడివి పిల్లినెందుకు ఉంచుకున్నావురా? గోనెసంచిలో కట్టి నౌపడ టేసన్లో ఒగ్గేయ్. రైలు జనమైనా ముద్ద పడేస్తారు" అన్నావు. పడవ వాళ్ళు నవ్వారు. చేపలమ్మే గురమ్మ నెత్తిమీద తట్ట దించి మరీ నవ్వింది. నేను తల దించుకున్నాను. తప్పు చేసినవాడిలా కనపడి ఉంటాను. తప్పు నాది కాదు బావ. నోరు రాకపోవడం తప్పు కాదు కదా.

చుక్క ఎక్కడ పుట్టిందో నీకు తెలుసు. నీ పడవలోనే, పాత వల కింద. నుదుటి మీద తెల్ల మచ్చ చూసి ఆ పేరు పెట్టింది నువ్వే. మీ చెల్లి ఒళ్ళో వేసి, "దీన్ని పెంచండి, పడవ పిల్లి మనింట్లోనే ఉండాలి" అన్నావు. మీ నాన్న నాటి నుంచి మన పడవకి ఒక పద్ధతి ఉంది. వల దులిపినప్పుడు రాలిన మొదటి చేప పిల్లికి. అది నోట పెట్టాకే తట్టలు నింపాలి. నేను నీతో వేటకి వచ్చినన్నాళ్ళూ ఆ పద్ధతి తప్పలేదు. కీళ్ళు పట్టేసి ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాక కూడా రోజూ చుక్కని చంకనేసుకుని వచ్చాను. కాబట్టి పద్ధతి తెలియనివాడితో మాట్లాడినట్టు నాతో మాట్లాడకు.

దాని మొహం చూశావా నువ్వు? సరిగ్గా చూశావా? కిందటి వానల తర్వాత మొదలైంది. వెనక కాలితో చెంపలు గీరుకునేది. చెవుల ముందు, కళ్ళ మీద వెంట్రుకలు పోయాయి. మంచం కోడుకి మొహం రుద్దుకుంటూనే ఉండేది. చెక్కు కట్టడం, మళ్ళీ గీరడం, మళ్ళీ నెత్తురు. ఊరందరూ డాక్టర్లే అయ్యారు. ఒకరు దిష్టన్నారు. ఒకరు గజ్జన్నారు. గురమ్మ కిరసనాయిలు రాయమంది. నువ్వు వేపనూనెలో పసుపు కలిపి రాయమన్నావు. పెద్దవాడివి కదా అని నీ మాట విన్నాం. అది నాకేసుకుని, నోటంట నురగ కక్కుకుని, రెండు రోజులు మంచం కిందనుంచి రాలేదు. ఆ సంగతి రేవులో ఎవరికైనా చెప్పావా? చెప్పవు.

అప్పుడు కూర్మమ్మ దాన్ని చేపల తట్టలో కూర్చోబెట్టి, పైన వలముక్క కప్పి, టెక్కలి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. మాట్లాడింది మీ చెల్లే. బస్సులో అందరూ తట్ట చూసి, "ఏటమ్మా, ఏం సేపలు?" అని అడిగితే లోపలనుంచి చుక్క అరిచింది. సిగ్గుతో చచ్చాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కానీ నువ్వన్నట్టు చూసి చూడనట్టు పంపలేదు. సన్నపళ్ళ దువ్వెనతో ఒళ్ళంతా దువ్వింది. రాలిన నలుసులు తడి కాగితం మీద వేసింది. ఎర్రగా మారితే నెత్తురు తాగే గోమార్లున్నట్టట. మారలేదు. దీపం పెట్టి చెవుల్లో చూసింది. చెవిలో పురుగులున్నా మొహం ఇలాగే గీరుకుంటాయట. లేవు. చెంప మీద చర్మం కాస్త గీకి గాజుపలక మీద పెట్టి యంత్రంలో చూసింది. గజ్జిపురుగూ లేదు. విన్నావా బావ? గజ్జి లేదు. నీ మనవరాలికి అంటుకుంటుందని దానమ్మక్కతో అన్నావట కదా, అది కూడా ఇక్కడితో వదిలెయ్.

తర్వాత ఏం తింటుందని అడిగింది. మీ చెల్లి, "సేపేనమ్మా, ఇంకేటి తింటాది? పొద్దున్న సేప, మాపటేల సేప, మజ్జిలో దొంగసేప" అంది. డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది. కొన్ని పిల్లులకి రోజూ తినేదే ఒక రోజునుంచి పడకుండా పోతుందట. ఆ దురద ఎక్కువగా మొహం మీదా మెడ మీదా వస్తుందట. చేపే అని ఇప్పుడే చెప్పలేను, మానిపించి చూస్తేనే తెలుస్తుంది అంది. రెండు నెలలు చేప వాసన కూడా తగలకూడదు. ఎప్పుడూ తినని మాంసం ఒక్కటే పెట్టాలి. మన చుక్క కోడి ఎముకైనా ముట్టి ఎరగదు. అందుకని ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి, పైన ఆమె ఇచ్చిన పొడి. ఒక్క చేప ముక్క పడినా మళ్ళీ మొదటికొస్తామని చెప్పింది. దురద తగ్గడానికి సూది వేసింది. గోళ్ళు కత్తిరించింది. గీరుకోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు తొడిగింది. మనం రాసుకునే మందులు గానీ నూనెలు గానీ ఏవీ రాయొద్దంది. రాసిందల్లా నాకేస్తుంది కాబట్టి.

మేం చెప్పిందే చేశాం. నువ్వేం చేశావు? గరాటు చూసి, "ఒసే కూర్మీ, పిల్లికి మైకెట్టేరేటే, ఊరికి దండోరా వేయిస్తారా?" అన్నావు. అది సరే. నేనూ లోపల నవ్వుకున్నాను. కానీ మర్నాడు రేవులో, "పిల్లికి సేప పడదట! రేపు సముద్రానికి ఉప్పు పడదంటాడు మా సూరి" అన్నావు చూడు, దానికి నవ్వు రాలేదు. ఆ వారం చేపలు తక్కువ పడితే అదీ నా నెత్తినే వేశావు. మొదటి చేప తినే పిల్లి రాకుండా చేశానని, గంగమ్మకి కోపమొచ్చిందని. అవతల పెద్ద బోట్లు మన నీళ్ళలోకి వచ్చి ఊడ్చుకుపోతుంటే వాళ్ళననడానికి నోరు రాలేదు నీకు. నోరులేని పిల్లి మీద, దాదాపు నోరులేని నా మీద వచ్చింది.

అంతకన్నా పెద్ద మాట ఇంకొకటుంది. తిండి పెట్టక మాడుస్తున్నానని అన్నావు. "ఆకలికి మొకం పీక్కుంతంది పాపం" అని ఊరంతా చెప్పావు. బావ, ఆకలికి ఎవరైనా మొహం గీరుకుంటారా? నీకు ఆకలేస్తే గీరుకుంటావా? దానికి దురద. కోడి కూర మేం తినడం మానేసి దానికి ఉడకబెడుతున్నాం. అది మూతి తిప్పుకుంటుంది. నేను చేత్తో పెడితే వాసన చూసి వెనక్కి జరుగుతుంది. అయినా బక్కచిక్కలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

మొదటి పది పదిహేను రోజులు మొహం మానింది. కొత్త వెంట్రుక మొలిచింది. కూర్మమ్మ ఎంత సంతోషపడిందో. తర్వాత మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ నెత్తురు. టెక్కలి తీసుకెళ్తే డాక్టరమ్మ నా వైపు చూసి, "తాతగారూ, ఎవరో చేప పెడుతున్నారు" అంది. నేను కాదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ఆమె నేనే అనుకుంది. ఈ వయసులో ఆ మాట పడ్డాను.

ఇంటికొచ్చి గరాటు తీసి కడిగితే అంచున చేప పొలుసు అంటుకుని ఉంది. పొద్దున్న కూర్మమ్మ సంతకి పోతుంది, నేను రేవుకి వస్తాను. చుక్కని పెరటి వసారాలో ఉంచి తడికకి గొళ్ళెం పెట్టి వస్తాం. ఆ వేళలోనే ఎవరో వస్తున్నారు. గురమ్మని అడిగాను. అంటే మీ చెల్లి చేత అడిగించాను. "నానెందుకెడతానమ్మా, నా సేప నానే తినకుండా అమ్ముకుంతన్నాను" అని గంగమ్మ మీద ఒట్టేసింది. కాబట్టి నీ పడవ వాళ్ళలోనే ఎవరో. నువ్వు అలా మాట్లాడి ఎగదోస్తే వాళ్ళు చెయ్యక ఏం చేస్తారు?

ఇప్పుడు సంగతి ఇక్కడికొచ్చింది. కూర్మమ్మ కూడా విసిగిపోయింది. మంగళవారం మళ్ళీ టెక్కలి వెళ్ళాలి. ఈసారి కూడా మొహం ఇలాగే ఉంటే, "ఇంక నా వల్ల కాదు, మా అన్న సెప్పినట్టే సేద్దుం" అంది. అంటే గోనెసంచి. అంటే టేసను. మెడకి గరాటుతో, కళ్ళ మీద పుండ్లతో అది పట్టాల దగ్గర బతుకుతుందా?

అందుకని చెప్తున్నాను. నీ వాళ్ళని మా పెరట్లోకి రావద్దని చెప్పు. నువ్వు చెప్పకపోతే, చుక్క సంచిలోకి వెళ్తే, ఆ రోజునుంచి నా వలసూది నీ పడవ వల ముట్టుకోదు. చిరుగులన్నీ నువ్వే కుట్టుకో. ఇది కోపంలో అన్న మాట కాదు. కోపంలోనే అన్నాను, కానీ మార్చుకోను.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు
అప్పలసూరి

తాజా కలం: సోమవారం, పొద్దెక్కాక.

ఈ ఉత్తరం నీ చేతికే ఇద్దామని పొద్దున్న మీ ఇంటికి వచ్చాను. నువ్వు లేవు. దానమ్మక్క, "ఆయనా? రోజూ వల దులిపేక మీ ఇంటికే వస్తన్నాడు కదా. మీరిద్దరూ ఎప్పుడో కలిసిపోయారనుకున్నాను" అంది. నాకేం అర్థం కాలేదు. తిరిగొచ్చాను.

పెరటి గోడ పక్కనుంచి చూశాను. నువ్వు మా వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నావు. చుక్క నీ ఒళ్ళో ఉంది. గరాటు తీసి పక్కన జాగ్రత్తగా పెట్టావు. ఆకులో ఒక్క కవళ్ళ చేప. మొదటి చేపే అయి ఉంటుంది. ముల్లు తీసి, చిన్న ముక్కలు చేసి, వేళ్ళతో అందిస్తున్నావు. "తినమ్మా, సుక్కమ్మా. మీ అయ్య పస్తులెడతన్నాడు, నానెట్టనా? మొకమంతా ఏటి సేసుకున్నావే తల్లీ" అంటున్నావు. నీ గొంతు అలా ఉంటుందని నాకిన్నేళ్ళూ తెలీదు. తినిపించి, మూతి తుడిచి, గరాటు మళ్ళీ తొడిగి, గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయావు.

నేను పిలవలేదు. లోపలికొచ్చి ఈ కాగితమే మళ్ళీ తీశాను.

బావ, దాని మొహం మీద నెత్తురు నీ చేతిదే. నీ ప్రేమదే. ఆకలనుకున్నావు. నీ మీద కోపం పోలేదు, ఇంకా పెరిగింది. ముల్లు తీసి మరీ పెట్టావు.

మీ చెల్లికి చెప్పలేదు. నువ్వే చెప్పుకో. మంగళవారం డాక్టరమ్మకి కూడా నువ్వే చెప్పు, నేనెలాగూ చెప్పలేను. తట్ట మొయ్యడానికి నువ్వే రా. మొదటి చేపని ఇంక చుక్క పేరు చెప్పి సముద్రంలోకే విసిరెయ్యి. గంగమ్మకి అర్థమవుతుంది. నీకే ఆలస్యమైంది.

కోడి ముక్కలు ఉడికించి వసారాలో చూరు కింద ఉట్టిలో పెట్టాను. నేను పెడితే అది తినడం లేదు. నీ చేత్తో పెడితే తింటుంది. అది ఇవాళ కళ్ళారా చూశాను. రోజూ వచ్చే వేళకే రా. గొళ్ళెం ఎలా తియ్యాలో నీకు చెప్పక్కర్లేదు.

వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కో.