కారు తాగిన నీళ్లు

చిన్నోడా,

నేను బస్సులో ఆసుపత్రికి వెళ్తున్నాను. అమ్మని ఇవాళ ఇంటికి పంపిస్తామన్నారు. మధ్యాహ్నం నువ్వు కారు తీసుకుని రా. బయల్దేరే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడు. దారిలో మీటర్లో వేడి చూపించే ముల్లు పైకి పోతే బండి పక్కకి ఆపి ఇంజిన్ కట్టెయ్యి. చల్లారేదాకా మూత జోలికి పోకు. తొందరపడ్డావంటే మొహం కాలుతుంది.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూద్దామని రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచాను. పొద్దున చూస్తే కింది గొట్టం దగ్గర తడిసి ముద్దయ్యాయి. క్లిప్పు ఒరుసుకుని గొట్టం చివర చిట్లింది. ఆ ముక్క కోసేసి, మళ్లీ బిగించి నీళ్లు నింపాను. ఇవాళ్టికి పర్వాలేదు గానీ, కొత్త గొట్టం వేయించాల్సిందే.

ఇందాక పక్కింటాయన చెప్పాడు, రోజూ పొద్దున్నే నువ్వు నీళ్లు పోస్తున్నావట. సాయంత్రం నేనూ పోస్తున్నాను. నీకు చెప్తే కంగారుపడతావని నేను, నాకు చెప్తే తిడతానని నువ్వు. ఎవరికి వాళ్లం, కాస్తే కారుతోందిలే అనుకున్నాం.

ఫ్లాస్కులో టీ ఉంది. తాగి బయల్దేరు.

అక్క

అన్నట్టు, డాక్టరు నన్ను విడిగా పిలిచి మాట్లాడాడు. నిన్నూ పిలిచే ఉంటాడు. మొన్నటి నుంచి నువ్వు నా మొహంలోకి చూడటం లేదు. అమ్మ పడుకున్నాక, నీకు చెప్పింది నువ్వు చెప్పు, నాకు చెప్పింది నేను చెప్తాను. నువ్వు ఏడిస్తే తిట్టనులే. నాకూ ఏడవాలని ఉంది.