గేటు లోపల బంతి

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి యాడాది. నీ ఫొటోకు దండ ఎయ్యకముందే, నేను సూపర్‌వైజర్‌గ చేసే కార్ఖానకు ఉరికిన. లాక్‌డౌన్‌తోని సూరత్ అంతా బంద్. లోపల ఇరుక్కున్న మన మగ్గాలోళ్లు గేటు ఇరగ్గొట్టుకోని ఊరికి నడుస్తమని లేచిన్రు. రోడ్డు మీద పోలీసులు కొడ్తున్నరని చెప్పినా ఇనలే.

వారం నుంచి నేనే గేటు మీదికెల్లి అన్నం పొట్లాలు అందిస్తున్న. ఇయ్యాల ఎవ్వలూ ముట్టలే. నీతోని మగ్గం నడిపిన రాజన్న కాక ముందుకొచ్చిండు.

"ఏందిరా, మేం రోగమోళ్లమా? మీ బాపు ఐతారం ఐతారం నవాగామ్ బస్తీల మేం కలిసుండే రూముల మాకు వండేటోడు. మా బంతిల కూసోని, తను ఒక ముద్ద తిన్నంకనే మాకు పెట్టేటోడు. నువ్వు ఏనాడన్న కూసున్నవా?"

నాకు నిజంగనే భయమైంది బాపూ. ఇంట్ల చంటిపిల్ల ఉన్నది. అయినా తాళం తీసి లోపలికి పోయిన. కాక పక్కన కూసోని మాస్కు తీసిన. అందరు నా నోరే చూస్తున్నరు. పొట్లం ఇప్పి ముద్ద పెట్టుకున్న.

పప్పుల ఉప్పు లేదు.

"వారం నుంచి గిట్లనే ఉంటున్నది," అన్నడు కాక మెల్లగ.